ఋతువులు ఎందుకు మారుతాయి? – వాకిట్లో పాతిన కర్ర చెప్పిన పాఠము



ముందుగా ఒక తప్పు దిద్దుకోవలసి ఉన్నది. వేసవి బైబిలు పాఠశాలలో పాటల మధ్య, కథల మధ్య పిల్లలకు కాస్త లోకజ్ఞానము కూడా చెప్పడం మన వాడుక. అలాగే ఒక సంవత్సరము వేలూరు, గుడియాత్తం బోధకులమైన మేము ఋతువులను గూర్చి చెప్పబోయాము. నల్లబల్ల మీద కోడిగుడ్డు ఆకారములో ఒక గీత గీసి, లోపల సూర్యుని పెట్టి, "భూమి ఇటు దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలము, అటు దూరముగా పోయినప్పుడు చలికాలము" అని ధైర్యముగా చెప్పేశాము. వెనుక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "టీచరుగారూ, అయితే మెల్‌బోర్న్‌లో మా చిన్నాన్నవాళ్ళు క్రిస్మసుకు ఎండకు తాళలేకపోతున్నామని ఫోనులో ఎందుకు చెప్తారు? మనకేమో అప్పుడు దుప్పటి కావాలి గదా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. "అక్కడి సంగతి వేరులేమ్మా, కూర్చో" అన్నాము. ఆ పిల్ల కూర్చున్నది గాని ఆ మాట మమ్ములను విడిచిపెట్టలేదు. అక్కడి సంగతి వేరు కాదు. వాళ్ళూ మనమూ ఉన్నది ఒకే భూమి మీద, అది తిరిగేది ఒకే సూర్యుని చుట్టూ. దగ్గర కావడమే వేసవికి కారణమైతే, భూమి అంతటికీ ఒక్కసారే వేసవి రావాలి. మెల్‌బోర్న్‌లో చెమట పడుతున్నప్పుడు మనకూ పట్టాలి.

లెక్క చూస్తే మా తప్పు ఇంకా పెద్దదిగా కనబడుతుంది. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారములో, అంటే గుడియాత్తంలో తెల్లవారుఝామున చంటిపిల్లలకు మంకీ టోపీ పెట్టే రోజులలో! అప్పుడు దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. మిక్కిలి దూరముగా ఉండేది జూలై మొదటి వారములో, సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. తేడా 50 లక్షల కిలోమీటర్లు అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, మొత్తము మీద నూటికి మూడు పాళ్ళు మాత్రమే. భూమి నడిచే దారిని పిల్లల నోటుపుస్తకములో సరియైన కొలతలతో గీస్తే, గాజు పెట్టి గీసిన సున్నాకూ దానికీ తేడా కంటికి తెలియదు. కోడిగుడ్డు బొమ్మ మా చేతి పని.

అయితే అసలు కారణమేమిటి? భూమి నిటారుగా నిలబడి తిరగడం లేదు, ఒరిగి తిరుగుతున్నది. అది బొంగరమువలె తిరిగే ఇరుసు, సూర్యుని చుట్టూ పోయే దారికి నిట్టనిలువుగా లేక దాదాపు ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉన్నది. ఇది చాలామందికి బడిలో విన్న మాటే. కాని విన్నవారిలోనూ చాలామంది, మేమూ అందులో ఉన్నాము, భూమి ఒక కాలములో ఇటు ఒరిగి, మరొక కాలములో అటు ఒరుగుతుందని, తల ఊపినట్లు ఊపుతుందని అనుకుంటారు. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మిగతాదంతా తేలిక.

ఇంటిలో చేసి చూడండి. ఒక బత్తాయి పండుకు పాత గొడుగు ఊచను నిలువునా గుచ్చండి. గది నడుమ బల్ల మీద దీపము పెట్టి మిగతా లైట్లు ఆర్పండి. ఊచను కొంచెము ఒరిపి, దాని పైకొన ఒక గోడ వైపు, క్యాలెండరు ఉన్న గోడ అనుకోండి, చూసేటట్లు పట్టుకోండి. ఇప్పుడు దీపము చుట్టూ నడవండి. ఎక్కడ నిలబడినా ఊచ కొన మాత్రము ఆ క్యాలెండరు గోడనే చూడాలి. మేము మొదట చేసినప్పుడు నడుస్తూ నడుస్తూ తెలియకుండానే ఊచను దీపము వైపు తిప్పుకుంటూ పోయాము, ఏమీ అర్థము కాలేదు. మూడవసారి ఒక కుర్రవాడు "అన్నా, కొన తిప్పేస్తున్నారు" అని పట్టుకున్నాడు. అలా తిప్పకుండా నడిస్తే, ఒక పక్క నిలబడినప్పుడు బత్తాయి పైసగము దీపమునకు ఎదురుగా వస్తుంది. దానికి సరిగా ఎదుటి పక్కకు పోయినప్పుడు కిందిసగము ఎదురుగా వస్తుంది. వంపు మారలేదు, మనము నిలబడిన చోటు మారింది. పైసగము ఎదురుగా ఉండేది జూనులో, కిందిసగము ఎదురుగా ఉండేది డిసెంబరులో. మెల్‌బోర్న్ చిన్నాన్న కిందిసగములో ఉన్నాడు. ఆ అమ్మాయికి మేము బాకీ పడిన జవాబు ఇంతే.

భూమి ఇరుసు ఎప్పుడూ ఒకే వైపు చూస్తుందనడానికి ఆకాశములోనే సాక్షి ఉన్నది. అది ధ్రువ నక్షత్రము. వేలూరులో మబ్బులేని రాత్రి, కొండ అడ్డములేని మిద్దె మీద ఉత్తరముగా నిలబడి చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. దిగంతమునుండి ఒక పిడికిలి, మరికాస్త పైన, అంటే 13 డిగ్రీల ఎత్తున, అంత మెరుపు లేని ఆ చుక్క ఉంటుంది. జనవరిలో చూసినా ఏప్రిల్‌లో చూసినా అక్కడే ఉంటుంది. ఒంగోలులో అది పదిహేనున్నర డిగ్రీల ఎత్తున, టొరంటోలో నాలుగు పిడికిళ్ళకు పైన కనబడుతుంది. మెల్‌బోర్న్‌లో అసలు కనబడదు. మన పొరుగున జవ్వాది కొండల మీద కావలూరు దగ్గర పెద్ద దూరదర్శినిని పెట్టడానికి ఈ భూమధ్యరేఖ సామీప్యము కూడా ఒక కారణము. అక్కడినుండి ఉత్తరపు ఆకాశముతోపాటు దక్షిణపు ఆకాశము కూడా చాలామట్టుకు చూడవచ్చు. ఆ వేధశాలకు 1986లో వైణు బప్పుగారి పేరు పెట్టారు. ఆయన పెరిగినది హైదరాబాదులోనే.

సరే, పైసగము సూర్యునికి ఎదురైతే ఏమవుతుంది? రెండు సంగతులు జరుగుతాయి. వెలుగు నిటారుగా పడుతుంది, పగలు పొడవవుతుంది. టార్చిలైటును గోడకు సూటిగా పట్టుకుంటే చిన్న గుండ్రని వెలుగు పడుతుంది, ఏటవాలుగా పట్టుకుంటే అదే వెలుగు పొడుగ్గా సాగి పలచబడుతుంది. లండనులో డిసెంబరు మధ్యాహ్నము సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. నేల మీద అడుగు చోటున పడే వెలుగు, నడినెత్తి సూర్యుని వెలుగులో నాలుగవ వంతు మాత్రమే, అదీ ఎనిమిది గంటలు నిండని పగటికి. అందుకే అక్కడ మంచు. మన వేలూరులో అదే రోజున మధ్యాహ్న సూర్యుడు 53 డిగ్రీలు దాటి లేస్తాడు. వెలుగులో ఐదవ వంతు మాత్రమే తగ్గుతుంది. అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా ఒకటిన్నర గంట. కాబట్టి మన చలికాలము ఒక్క దుప్పటితో సరిపోతుంది. పిల్లల పుస్తకములలో ఆకులు రాలే కాలము, మంచు కురిసే కాలము అని నాలుగు బొమ్మలు వేస్తారు. అవి తప్పు కాదు గాని మన వాకిలి బొమ్మలు కావు.

మన వాకిట్లో వంపు ఎలా కనబడుతుందో తెలియాలంటే ఒక కర్ర చాలు. సరిగా ఒక మీటరు కర్రను చదునైన నేల మీద నిటారుగా పాతండి. మధ్యాహ్నము దాని నీడ మిక్కిలి పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. గడియారములో పన్నెండు కొట్టగానే కొలిస్తే పొరపాటు. మన దేశపు గడియారము కాకినాడ దాపున పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది, వేలూరు 79 డిగ్రీల దగ్గర ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషములు. అందుచేత మన మిట్టమధ్యాహ్నము కాలమును బట్టి కొన్ని నిమిషములు అటూ ఇటూగా పన్నెండుంబావుకు వస్తుంది.

డిసెంబరు 21న ఆ నీడ ఉత్తరమునకు 74 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21 నాటికి 23 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఏప్రిల్ 24 ప్రాంతములో కర్ర మొదట్లోనే అణగిపోయి, నీడే ఉండదు. ఆ తరువాతిదే చాలామంది ఎన్నడూ గమనించనిది. నీడ దక్షిణమునకు పడడం మొదలుపెడుతుంది! సూర్యుడు మన నెత్తిని దాటి ఉత్తరమునకు పోయాడన్నమాట. జూన్ 21న నీడ దక్షిణమునకు 18, 19 సెంటీమీటర్లు ఉంటుంది. మరల తగ్గి ఆగస్టు 18 ప్రాంతములో రెండవసారి మాయమవుతుంది.

ఏప్రిల్‌లో మన దగ్గర నీడ మింగిన సూర్యుడు అక్కడినుండి మన బంధువుల ఊళ్ళ మీదుగా వెళ్తాడు. నెల్లూరుకు ఏప్రిల్ 29 ప్రాంతములో, ఒంగోలుకు మే 2, 3 తేదీలలో, హైదరాబాదుకు మే 9 ప్రాంతములో చేరతాడు. ఫోను చేసి "మీ ఇంటి ముందు స్తంభమునకు ఈరోజు నీడ ఉన్నదా?" అని అడగండి. రైలులో మనము వచ్చిన దారినే ఆయన తిరిగి పోతున్నట్లుంటుంది. ఢిల్లీలో ఉన్నవారిని మాత్రము అడగకండి, వారికి నీడలేని రోజు ఎప్పటికీ రాదు.

ఇది వట్టి వినోదము కాదు. గుడియాత్తంలో ఒక కుటుంబమువారు, ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిన పెద్దమ్మగారి మంచమును మే నెలలో ఉత్తరపు గోడ పక్కన వేశారు. ఉత్తరమునుండి ఎండ రాదని వారి నమ్మకము. ఆమె గోడ కాలుతున్నదని మూలుగుతుంటే జ్వరము అనుకున్నారు. చూడబోయినవారిలో ఒకరు గోడ మీద చేయి పెట్టి చూస్తే గాని తెలియలేదు. ఏప్రిల్ 24 మొదలు ఆగస్టు 18 వరకు మన ఊళ్ళలో సూర్యుడు ఈశాన్యము వైపుగా లేచి, ఉత్తరము వైపుననే నడిచి, వాయవ్యము వైపుగా దిగుతాడు. ఆ దాదాపు నాలుగు నెలలు ఉత్తరపు గోడకు పగలంతా ఏటవాలు ఎండ తగులుతుంది, దక్షిణపు గోడకు నేరుగా ఎండే తగలదు. డిసెంబరులో ఇది తిరగబడుతుంది. కాబట్టి వేసవిలో మంచమైనా నీళ్ళ కుండైనా దక్షిణపు గోడ పక్కన ఉండడం మేలు, తాటాకు పందిరి ఉత్తరమున ఉండడం మేలు. అయినా గోడల సంగతి చిన్నది, మిద్దె సంగతి పెద్దది. నెత్తిన నిలిచే సూర్యుడు మొదట కాల్చేది పైకప్పునే. మిద్దెకు తెల్ల సున్నము కొట్టించేవారు ఏప్రిల్ రాకముందే కొట్టించుకోవాలి. రేకుల ఇంటిలో పెద్దవారుంటే పగటిపూట వారిని మరొకరి ఇంటికి చేర్చడం సంఘములో ఎవరికీ భారము కాదు.

ఇక్కడ ఆలోచనగల పాఠకులు ఒక ప్రశ్న వేయాలి. ఏప్రిల్ 24న, ఆగస్టు 18న సూర్యుడు ఒకే ఎత్తున, ఒకే నడినెత్తిన ఉంటాడు, పగలు కూడా ఒకే పొడవు. మరి ఏప్రిల్‌లో ఆ మంట ఏమిటి, ఆగస్టులో ఆ మబ్బు ఏమిటి? అలాగే పగలు అన్నిటికంటె పొడవైనది జూన్ 21 గదా, మరి కర్తరి, తమిళులు అగ్ని నక్షత్రమని పిలిచే ఆ మండుటెండలు మే నెలలోనే ఎందుకు?

వంపు ఒక్కటే ఇందుకు చాలదు, అయితే వంపు లేనిదే ఇది జరగదు. మధ్యాహ్నము పన్నెండుంబావుకు సూర్యుడు నెత్తిన ఉన్నా, రెండు మూడు గంటలప్పుడు గదా వేడి ఎక్కువ. నేల పుచ్చుకున్న వేడి పోగుపడడానికి సమయము పడుతుంది. ఏప్రిల్‌లో నేల ఎండి ఉన్నది, ఆకాశములో మబ్బు లేదు, ఆరబెట్టడానికి తడి లేదు. వచ్చిన ఎండంతా వేడిగానే మిగులుతుంది. సూర్యుడు ఉత్తరమునకు జరిగే కొద్దీ ఉత్తర హిందూదేశపు నేల పెనమువలె కాగుతుంది. సముద్రము అంత త్వరగా కాగదు. కాగిన నేల మీది గాలి పైకి లేచిన కొద్దీ, సముద్రము మీది తడిగాలి ఆ చోటికి తోసుకు వస్తుంది. అదే నైరుతి ఋతుపవనము, సాధారణముగా జూన్ 1 ప్రాంతములో కేరళను తాకుతుంది. పడమటి కనుమలు ఆ నీటిలో ఎక్కువ భాగము పిండుకుంటాయి. కనుమలకు ఇవతల ఉన్న మనకు మిగిలేవి మబ్బులు, సాయంకాలపు ఉరుములు, కొన్ని మంచి జల్లులు. ఆగస్టు 18న నెత్తిన ఉన్న సూర్యునికి ఆ మబ్బు గొడుగు అడ్డము పడుతుంది. తడిసిన నేల ఆ వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది.

తరువాత సూర్యుడు దక్షిణమునకు పోతాడు, ఉత్తరపు నేల చల్లారుతుంది, గాలి తిరగబడుతుంది. అక్టోబరు 20 ప్రాంతములో ఈశాన్య ఋతుపవనము వస్తుంది. ఈ గాలి బంగాళాఖాతము మీద నీళ్ళు నింపుకొని మన వైపు వస్తుంది, నవంబరులో వాయుగుండములను వెంటబెట్టుకొని వస్తుంది. సంవత్సరములో ఎక్కువ రోజులు ఇసుకగా పడి ఉండే పాలారు అప్పుడు నది అవుతుంది. 1903 నవంబరులో వాణియంబాడిని ముంచినది ఈ కాలపు వరదే. 2021 నవంబరులో పాలారుతోపాటు గుడియాత్తం నడుమ పారే కౌండిన్య కూడా పొంగింది. ఆ కౌండిన్య వచ్చేది మన పలమనేరు అడవుల వైపునుండే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు పలమనేరు, గుడియాత్తం ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా గదా, నీళ్ళకు ఇప్పటికీ ఆ సరిహద్దు తెలియదు.

మగ్గము మీద బ్రతికేవారికి ఈ గాలి మార్పు కూడు సంగతి. వీధిలో పడుగు సాగదీసి గంజి పెడితే ఆరాలి. అగ్గిపెట్టెల పనిలో పుల్లలు ఆరాలి. ముసురు పట్టిన నవంబరులో ఏదీ ఆరదు, ఆ వారము కూలి చేతికి రాదు. కాబట్టి మన ఊళ్ళలో వంపు చలిని తేవడం తక్కువ, వాన గాలిని ఇటు అటు తిప్పడం ఎక్కువ.

అయితే వంపు సూర్యుని రాకపోకలకు మాత్రమే పూచీ, వానకు పూచీ కాదు. 1876లో కూడా సూర్యుడు ఏప్రిల్‌లో వేలూరు మీదుగా ఉత్తరమునకు పోయి ఆగస్టులో తిరిగి వచ్చాడు, ఒక్క రోజు తప్పలేదు. వానలు తప్పాయి. 1877లో పసిఫిక్ మహాసముద్రపు నీళ్ళు విపరీతముగా వేడెక్కడం, నేడు ఎల్ నినో అంటున్నది, ఆ కరువును మరింత ముదరబెట్టిందని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతారు. 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా జనము ఆకలితో చచ్చారు. ఒంగోలులో జాన్ క్లవ్ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసుకొని కూలి పని ఇప్పించిన సంగతి, 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన ఇళ్ళలో తెలియనివారు లేరు. మనలో చాలామంది తాతముత్తాతలు ఆ కాలువ గట్టు మీద మట్టి మోసినవారే. ఆ సంవత్సరములలో కూడా కర్ర పాతి కొలిచి ఉంటే, నీడ ఇప్పటివలెనే పడి ఉండేది.

మరొక చిన్న సంగతి. సూర్యుడు ఉత్తరమునకు మరలేది సంక్రాంతి నాడని అందరూ అంటారు. కర్ర నీడను కొలిచినవారికి మాత్రము అది డిసెంబరు 21, 22 నాడే, క్రిస్మసుకు మూడు నాలుగు రోజుల ముందే తగ్గడం మొదలుపెట్టినట్లు తెలుస్తుంది. ఒకప్పుడు, సుమారు పదిహేడు వందల సంవత్సరముల క్రిందట, ఆ రెండూ ఒకే రోజున పడేవి. ఏడాదిలో కదలనట్లు కనబడే ఇరుసు, దాదాపు 26,000 సంవత్సరములకు ఒక చుట్టు చొప్పున మిక్కిలి నెమ్మదిగా గుండ్రముగా తిరుగుతున్నది. నక్షత్రములను బట్టి లెక్కించే పంచాంగమునకూ సూర్యుని నీడకూ ఆ మేరకు ఎడము వచ్చింది. మన మనుమల మనుమలకు ఇంకొక ఒకటి రెండు రోజులు ఎడమవుతుంది, అంతే.

కిందటి ఆగస్టు 18న గుడియాత్తంలో పిల్లలను వాకిట్లో కర్ర చుట్టూ కూర్చోబెట్టాము. మెల్‌బోర్న్ చిన్నాన్నను అడిగిన అమ్మాయి ఇప్పుడు తానే చిన్నపిల్లలకు బోధకురాలు, గడియారము ఆమె చేతిలోనే ఉన్నది. పన్నెండుంబావుకు పడమటి వైపునుండి మబ్బు వచ్చి సూర్యుని కప్పేసింది. నీడ లేదు నిజమే గాని, కర్రకే కాదు, ఎవరికీ నీడ లేదు! పిల్లలు గొల్లుమన్నారు. పన్నెండూ ఇరవై అయిదుకు మబ్బు తొలగింది. అప్పటికే కర్రకు తూర్పున రెండు వేళ్ళ వెడల్పు నీడ మొదలైంది.